సగంలో ఆగిన అల్లికలు: ఏది ముగించాలి, ఏది విప్పాలి

పోయిన నెల ఒక ఆదివారం 4 మి.మీ. సూదులు కొనడానికి బయల్దేరుతుంటే మా వారు అడిగారు, "నీ దగ్గర మూడు జతలు ఉండాలి కదా?" అని. ఉన్నాయి. ఎక్కడున్నాయన్నదే ప్రశ్న. చెప్పులు విప్పేసి అలమర తెరిచాను. ఒక జత ఆవపిండి రంగు స్వెట్టర్‌లో ఉంది. ఇంకోటి బూడిద రంగు శాలువాలో. మూడోది మా అన్నయ్య కొడుకు కోసం మొదలుపెట్టిన ఎర్ర స్వెట్టర్‌లో. మొదలుపెట్టినప్పుడు వాడికి నాలుగేళ్లు. ఇప్పుడు పదకొండు.

సూదులు కొనడం మానేసి సంచులన్నీ మంచం మీద కుమ్మరించాను. తొమ్మిది తేలాయి. పై మూడూ కాక, ఒంటి నీలం సాక్సు, జడ డిజైన్ టోపీ, మొహేర్ (మేక నూగుతో చేసే ఊలు) స్కార్ఫ్, కాటన్ కార్డిగన్, చదరాలు కలిపి కుట్టాల్సిన దుప్పటి. తొమ్మిదోది ఏమిటో నాకే తెలియలేదు. పన్నెండు వరసలు, ఆకుపచ్చ ఊలు, ఒక సూది. దాని సంగతి తర్వాత.

మీ అలమర కూడా ఇలాగే ఉంటే, నేను ఆ రోజు చేసిన పద్ధతి రాస్తున్నాను. ఒక మధ్యాహ్నం పడుతుంది. వంటింట్లో వాడే డిజిటల్ తూకం, కొలత టేపు, ముదురు రంగు కాటన్ దారం, మొద్దు మొన ఉన్న సూది, గుండుసూదులు, కొన్ని చీటీలు, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఇంకా మొదలుపెట్టని కొత్త ఊలు మాత్రం ఆ గదిలో ఉండకూడదు. సరదాకి అనడం లేదు. ఒక్క మెత్తటి ఉండ కంటబడిందా, మధ్యాహ్నం మొత్తం దానితోనే పోతుంది. నాకు బాగా అనుభవం.

ఎందుకు ఆగింది?

ఇన్నేళ్లూ నేను రోజూ సాయంత్రం అలమర ముందు నిలబడి "ఇవాళ ఏది అల్లాలనిపిస్తోంది?" అని నన్ను నేనే అడిగేదాన్ని. జవాబు ఎప్పుడూ ఒకటే వచ్చేది: వీటిలో ఏదీ కాదు, ఆ కొత్తది. ఎందుకు రాదు? కొత్తదానిలో ఇంకా తప్పు జరగలేదు, కొలత తేడా రాలేదు, ఊలు చాలదేమో అన్న టెన్షన్ లేదు.

ఈసారి ప్రశ్న మార్చాను. ఒక్కో సంచీ తీసి, ఇది ఎందుకు ఆగింది అని చీటీ మీద ఒక్క వాక్యం రాశాను. "టైమ్ లేక" అని రాయకూడదని ముందే అనుకున్నాను. అదే టైమ్‌లో ఇంకో ఎనిమిది మొదలుపెట్టినదాన్ని, టైమ్ లేదని ఏ మొహంతో రాస్తాను? "బోర్ కొట్టింది" కూడా వీలైనంతవరకు వద్దనుకున్నాను. సూది మీద ఆగిన చివరి వరసను చూస్తే అసలు కారణం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.

ఆవపిండి స్వెట్టర్ చీటీ: "మొదటి చెయ్యి ఎలా తగ్గించానో రాసుకోలేదు." శాలువా: "ఊలు చాలుతుందో లేదో భయం." టోపీ: "పన్నెండు వరసల కింద ఒక జడ తప్పు వైపు తిరిగింది." కార్డిగన్: "వెడల్పు ఎక్కువ వస్తోంది, ఒప్పుకోబుద్ధి కాలేదు." మొహేర్: "లేస్ లెక్క తప్పింది, విప్పాలంటే భయం." ఎర్ర స్వెట్టర్: "పిల్లాడు పెద్దవాడయ్యాడు." సాక్సు దగ్గర చాలాసేపు ఆలోచించి, "ఒకటి అయిపోగానే మొత్తం అయిపోయినట్టు అనిపించింది" అని నిజమే రాశాను. దుప్పటికి మాత్రం బోర్ అని రాయక తప్పలేదు.

చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అయిదింట్లో నాకు ఇష్టం పోవడమన్నదే లేదు. తెలియని ఒక అంకె దగ్గరో, ఒప్పుకోవాల్సిన ఒక తప్పు దగ్గరో ఆగాను. ఏళ్లపాటు ఎటూ తేల్చుకోలేకపోవడం అనుకున్నది చాలావరకు పది నిమిషాల లెక్క. ఏది ముందు చేయాలన్నది కూడా దీన్నిబట్టే తేలిపోయింది. లెక్కతో తేలేవి ముందు, విప్పాల్సినవి ఆ తర్వాత, బోర్ కొట్టినవి చివర.

ఊలు చాలుతుందా: తూకంతో తేల్చడం

శాలువాతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ లెక్క తెలియక రెండేళ్లు దాన్ని ముట్టుకోలేదు.

అది మెడ దగ్గర నాలుగైదు కుట్లతో మొదలై, రెండు వరసలకు నాలుగు కుట్ల చొప్పున పెరుగుతూ పోయే త్రికోణం. మొత్తం 160 వరసలు. నా దగ్గర ఉన్నది ఒకే చిలప (ఊలు చుట్ట), 100 గ్రాములు, 400 మీటర్లు. 80వ వరస దగ్గర సగం అయిపోయిందని సంబరపడ్డాను. కాలేదు. వరసల్లో సగం అంటే ఈ ఆకారంలో విస్తీర్ణంలో పావు వంతే. చివరి వరసలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఊలంతా అక్కడే తింటాయి. సగం ఊలు ఖర్చయ్యేది వందకు డెబ్బై వరసలు అయ్యాక.

లెక్క ఇలా వేయండి. ఇప్పటిదాకా అల్లిన వరసల్ని మొత్తం వరసలతో భాగించండి. వచ్చినదాన్ని దానితోనే గుణించండి. నేను ఆగింది 110వ వరస దగ్గర. 110ని 160తో భాగిస్తే సుమారు 0.69. దాన్ని 0.69తో గుణిస్తే 0.47. అంటే మొత్తం పనిలో 47 శాతం అయింది. ఇప్పుడు మిగిలిన ఊలు తూచండి. నాకు 46 గ్రాములు మిగిలింది, అంటే 54 ఖర్చయింది. 54ని 0.47తో భాగిస్తే దాదాపు 115 గ్రాములు కావాలి. నా దగ్గర 100. పదిహేను గ్రాములు తక్కువ.

అంటే నా భయం నిజమే! రెండేళ్ల అనుమానం అయిదు నిమిషాల్లో రుజువైంది. కానీ అదే లెక్క దారి కూడా చూపించింది. 140వ వరస దగ్గర ఆపేస్తే 88 గ్రాముల లోపు అవుతుంది. మిగతా పన్నెండు గ్రాములు అంచుకీ, చివర్న కుట్లు విడిపోకుండా మూయడానికీ. ఇరవై వరసలు తగ్గితే శాలువా కాస్త చిన్నదవుతుంది, అంతే. నా భుజాలేమీ పెద్దవి కావు.

చివరికి వచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. రెండు వరసలు అల్లే ముందు ఒకసారి, అల్లాక ఒకసారి ఉండను తూచండి. తేడాను సగం చేస్తే వరసకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. ఒక్క వరసకే తూస్తే, గ్రాము తేడా మాత్రమే చూపించే తూకం మీద ఏమీ తెలియదు. కుట్లు మూయడానికి కనీసం మూడు వరసల ఊలు వదిలిపెట్టుకోండి. అంత పట్టకపోవచ్చు. కానీ ఇంకో పది కుట్లు ఉండగా ఊలు అయిపోతే ఎలా ఉంటుందో ఒకసారి చూశాను, చాలు.

ఈ వర్గాల లెక్క త్రికోణాలకే. స్కార్ఫ్‌లా వెడల్పు మారనివాటికి సగం అంటే సగమే.

తప్పు కింద ఎక్కడో ఉంటే

టోపీకి వద్దాం. ఆరు కుట్ల జడ, కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగింది. తప్పు చూసినప్పటికి పైన పన్నెండు వరసలు అల్లేశాను. పన్నెండు వరసలు, గుండ్రంగా 112 కుట్లు. విప్పే ఓపిక లేక సంచీలో పడేశాను.

అంతా విప్పక్కర్లేదు. ఆ ఆరు కుట్లనే సూది మీద నుంచి జార్చండి. కిందికి లాగుతూ తప్పు జరిగిన వరస దాకా రండి. అక్కడ ఒక నిచ్చెన మిగులుతుంది. ఆరు కుట్ల వెడల్పున అడ్డంగా పన్నెండు దారాలు, ఒక్కో దారం ఒక్కో వరస. దిగువన ఉన్న ఆరు కుట్లను రెండు వైపులా మొన ఉన్న చిన్న సూది మీదికి ఎక్కించి, జడను సరైన వైపు తిప్పి, అన్నిటికంటే కింది దారంతో మొదటి వరస అల్లండి, తర్వాత దాని పైది, అలా పైదాకా. అసలు సూది కంటే ఒక సైజు సన్నటిది తీసుకుంటే చెయ్యి ఆడుతుంది. దారాల వరస తారుమారు కాకుండా చూసుకోవడం ఒక్కటే కష్టం. నేను ముక్క కింద ఒక దిండు పెట్టి, దారాలను గుండుసూదులతో క్రమంలో గుచ్చుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. పూర్తయ్యాక ఆ ఆరు కుట్లూ కొంచెం వదులుగా, వంకరగా కనిపించాయి. సూది మొనతో అటూ ఇటూ సర్ది, తడిపి ఆరబెడితే కలిసిపోయాయి.

ఈ తప్పును దిద్దాలా అసలు? చెయ్యి చాచినంత దూరంలో ముక్కను పట్టుకుని చూడండి. తప్పు ఎక్కడుందో వెతకాల్సి వస్తే వదిలేయండి. నా జడ నుదుటి మీదికి వచ్చేది, అందుకే దిద్దాను. వెనక వైపు ఉంటే నేనూ వదిలేసేదాన్ని.

లేస్ విషయం వేరు. అందులో కుట్లు జార్చి మళ్లీ ఎక్కించడం నా వల్ల కాలేదు. అందుకే లేస్ అల్లేటప్పుడు భద్రతా దారం వేసుకోవాలి. లెక్క సరిపోయిన ఒక వరస దగ్గర ఆగి, మొద్దు సూదిలో నున్నటి సన్నని కాటన్ దారం ఎక్కించి, సూది మీద ఉన్న కుట్లన్నిటి గుండా దూర్చి వదిలేయండి. గుర్తు రింగులు వాడుతుంటే వాటిలోంచి మాత్రం దూర్చకండి, ఇరుక్కుపోతాయి. తర్వాత ఎక్కడ తప్పినా ఆ దారం దాకా నిర్భయంగా విప్పేయొచ్చు, కుట్లు అక్కడ ఆగుతాయి. నా మొహేర్ స్కార్ఫ్‌లో ఈ దారం లేదు. వేద్దాంలే అనుకుంటూ నలభై వరసలు పోయాను.

మర్చిపోయిన లెక్కను ముక్క నుంచే చదవడం

ఆవపిండి స్వెట్టర్ మూడేళ్లు ఆగింది. ఒళ్లు అయింది, ఒక చెయ్యి అయింది, రెండోదానికి 66 కుట్లు ఎత్తుకుని ఆపేశాను. మొదటి చెయ్యి మణికట్టు దగ్గరికి వచ్చేసరికి 44 కుట్లు. ఎన్ని వరసలకు ఒకసారి తగ్గించానో ఎక్కడా రాయలేదు.

కానీ ఊలు మర్చిపోదు. చేతిని బల్ల మీద పరిచి మంచి వెలుతురులో చూడండి. రెండు కుట్లు కలిపి అల్లిన చోట ఒక కుట్టు ఇంకోదాని మీదికి వాలి ఉంటుంది. అలా తగ్గించిన ప్రతి వరసకూ ఒక గుండుసూది పెట్టండి. నాకు పదకొండు వచ్చాయి. తగ్గించిన ఒక్కో వరసలో రెండు కుట్లు పోతాయి, పదకొండుకి 22. 66లోంచి 22 తీస్తే 44. లెక్క కుదిరింది. ఇక గుండుసూదుల మధ్య వరసలు లెక్కపెట్టడమే. నున్నటి వైపు ఒక్కో కుట్టు చిన్న ఇంగ్లీషు V అక్షరంలా ఉంటుంది, నిలువుగా ఒక్కో V ఒక్కో వరస. ఎనిమిదేసి వచ్చాయి. రెండు వైపులా నిట్ కుట్టే వేసిన గార్టర్ అల్లిక అయితే ఒక్కో గట్టుకి రెండు వరసల లెక్క.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మూడేళ్ల కిందటి నా చెయ్యి, ఇప్పటి నా చెయ్యి ఒకటి కాదు. అప్పట్లో దారం గట్టిగా లాగి పట్టేదాన్ని. అందుకే రెండో చెయ్యి పది సెంటీమీటర్లు అల్లగానే ఆగి, మొదటిదానితో పక్కన పెట్టి కొలిచాను. పది సెంటీమీటర్లకు అప్పుడు 22 కుట్లు, ఇప్పుడు 21. సూది ఒక మెట్టు తగ్గించి 3.75 మి.మీ. వాడాక సమానమైంది. సూది మీద ఏళ్లు ఉండిపోయిన ఆ చివరి వరస సాగి గీతలా కనిపిస్తుంది. దాన్ని ఒక్కదాన్ని విప్పి మళ్లీ అల్లితే సరి.

సూదుల నంబర్ల గురించి ఒక మాట. చీటీ మీద ఎప్పుడూ మిల్లీమీటర్లే రాయండి. పాత బ్రిటిష్ లెక్కలో 8 నంబర్ అంటే 4 మి.మీ., అమెరికా లెక్కలో 8 అంటే 5 మి.మీ. పైగా బ్రిటిష్ నంబర్లలో అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. "8 సూదులు" అని రాసుకున్న ఒక పాత చీటీ నాకు ఎందుకూ పనికి రాలేదు.

ఒప్పుకోవాల్సిన కొలత

కార్డిగన్ డిజైన్‌లో 10 సెం.మీ.కి 22 కుట్లు ఉండాలి. నాకు 20 వస్తున్నాయి. రెండు కుట్లేగా అనుకుని సాగిపోయాను. 220 కుట్లకు 100 సెం.మీ. రావాల్సింది, నా చేతిలో 110 సెం.మీ. వస్తుంది. ఛాతీ దగ్గర పది సెంటీమీటర్లంటే నేనూ మా వదినా కలిసి వేసుకోవచ్చు. పదిహేను సెంటీమీటర్ల ఎత్తు అల్లాక టేపు పెట్టి చూశాను, టేపుదే తప్పేమో అని ఇంకోటి తెచ్చి చూశాను, ఆ తర్వాత సంచీలో పెట్టేశాను.

నేను అసలు నమూనా ముక్క అల్లకపోలేదు. అల్లాను, ఉతకలేదు. కాటన్ ఉతికాక, వేలాడాక సాగుతుంది. ఊలు కొన్ని రకాలు ఉతికితే విచ్చుకుంటాయి, మెషిన్‌లో ఉతకగలిగే సూపర్‌వాష్ ఊలు తడిస్తే బాగా పెరుగుతుంది. కాబట్టి నమూనా కనీసం 15 సెం.మీ. చదరంగా అల్లి, బట్టను ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరాక మధ్యలో 10 సెం.మీ. కొలవండి. అంచుల దగ్గర కొలిస్తే తప్పు వస్తుంది.

కుట్లు లెక్కకు రాకపోతే సూది మార్చి మళ్లీ చూడొచ్చు. నాకు సన్న సూదితో కాటన్ అట్టలా వచ్చింది, నచ్చలేదు. అప్పుడు ఇంకో దారి: అల్లిక అలాగే ఉంచి, సైజు మార్చడం. నాకు కావలసింది 100 సెం.మీ., నా చేతికి 10 సెం.మీ.కి 20, అంటే 200 కుట్లు. డిజైన్‌లో 200 కుట్లకు దగ్గరగా ఉన్న చిన్న సైజు ఏదో చూసి దాని సూచనలు పాటించాలి. పొడవులు మాత్రం వరసల లెక్కన కాకుండా టేపుతో చూసుకోవాలి. ఇది తేలాక కార్డిగన్ విప్పడం బాధనిపించలేదు.

విప్పడం, ఊలును తిరిగి మామూలు చేయడం

మొత్తం నాలుగు విప్పాను: కార్డిగన్, ఎర్ర స్వెట్టర్, మొహేర్, ఆ ఆకుపచ్చ మిస్టరీ.

ఎర్ర స్వెట్టర్ విప్పడానికి కాస్త మనసు ఒప్పలేదు. ఏడేళ్లు దాచాను. మా అన్నయ్యకి ఫోన్ చేసి చెబితే, "వాణ్ణే అడుగు, ఉండు" అని ఫోన్ వాడికే ఇచ్చాడు. "అత్తా, టోపీ చెయ్యవా, నల్లది" అన్నాడు వాడు. ఎరుపు కూడా అక్కర్లేదట. ఆ సాయంత్రమే విప్పాను. 250 గ్రాముల మంచి ఊలు, 4 మి.మీ. సూదుల జత తిరిగి వచ్చాయి. సూదులు కొనే ఖర్చు తప్పింది.

ముగించిన చోటి నుంచి మొదటి చోటికి విప్పాలి, కుట్లు వేసిన అంచు నుంచి లాగితే రాదు. విప్పుతూనే కుర్చీ వీపుకు గుండ్రంగా చుట్టండి. ముందు కుర్చీ చుట్టుకొలత కొలిచి పెట్టుకుంటే, చుట్ల లెక్కను దానితో గుణించి ఎన్ని మీటర్లు ఉందో అంచనా వేయొచ్చు. నా కుర్చీ 1.2 మీటర్లు. మెలికలు తిరిగిన ఊలు పొట్టిగా ఉంటుంది కాబట్టి అసలు పొడవు దీనికంటే కాస్త ఎక్కువే తేలుతుంది. చుట్టడం అయ్యాక నాలుగు చోట్ల వేరే దారంతో వదులుగా కట్టండి. గట్టిగా కడితే ఆ చోట తడవదు, ముడుత పోదు. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నాననివ్వండి. రుద్దకండి, పిండకండి. ఊలును వేడినీళ్లలో రుద్దితే అట్టకట్టుకుపోతుంది, ఆ తర్వాత ఎవరూ బాగుచేయలేరు. తువ్వాల్లో చుట్టి నొక్కి నీళ్లు తీసి, నీడలో వేలాడదీయండి. ఆరేసరికి నూడుల్స్‌లా ఉన్నది మళ్లీ ఊలులా అవుతుంది. విప్పిన ఊలును ఉతక్కుండానే కొత్తదానిలో వాడితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి, కొలత కూడా నమ్మలేం.

మొహేర్ మొండిది. దాని నూగు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటుంది. లాగితే తెగుతుంది. వరసకు అయిదు నిమిషాలు, పట్టేసిన చోట చిన్న కత్తెరతో నూగు మాత్రమే కత్తిరించుకుంటూ పోయాను. సంచీతో సహా ఫ్రీజర్‌లో పెడితే సులువవుతుందని కొందరు చెబుతారు. పెట్టి చూశాను, ఏదో కొంచెం పనికొచ్చింది. ఆ స్కార్ఫ్ విప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది. నిజం చెప్పాలంటే, మొహేర్‌తో లేస్ మొదటిసారి అల్లేవాళ్లకి నా సలహా ఒకటే, అల్లకండి. అదే లేస్ నున్నటి ఊలుతో ఒకసారి వచ్చాక మొహేర్ తీసుకోండి.

ఆకుపచ్చ మిస్టరీ? విప్పబోతూ కొలిచాను. సరిగ్గా 22 కుట్లు, చుట్టూ నాలుగు కుట్ల అంచు. అది ప్రాజెక్టే కాదు, నమూనా ముక్క. దేనికి నమూనానో దేవుడికే తెలియాలి.

బోర్ కొట్టినవి

దుప్పటి 80 చదరాలు. 34 అయ్యాయి. ఒక్కొక్కటి 15 సెం.మీ. ఇంకా 46 అల్లడమంటే తలుచుకుంటేనే నీరసం. కానీ అన్నీ నేల మీద పరిచి చూస్తే, ఇంకొక్కటి అల్లితే 35. అయిదు వరుసల్లో ఏడేసి. 75 సెం.మీ. వెడల్పు, 105 సెం.మీ. పొడవు. మోకాళ్ల మీద కప్పుకోవడానికి అంతకంటే ఏం కావాలి! ముందు అనుకున్న సైజుకి ఎవరికీ మాట ఇవ్వలేదు కదా. ఆ ఒక్క చదరం ఆ రాత్రే అయిపోయింది. కలిపి కుట్టడం ఇంకా మిగిలింది, దాని గురించి ప్రస్తుతానికి మాట్లాడను.

సాక్స్‌కి ఉపాయం ముందే తెలుసు, పాటించలేదు. మొదటిదాని కొన మూసేలోపే రెండోదానికి కుట్లు వేసి రెండు సెంటీమీటర్ల రిబ్ (సాగే అంచు) అల్లేయాలి. మొదలైన రెండోదాన్ని ముగించడం అంత కష్టంగా ఉండదు. లేదా 80 సెం.మీ.కి తగ్గని తీగ ఉన్న గుండ్రటి సూది మీద రెండూ ఒకేసారి అల్లొచ్చు. నాకు రెండు ఉండలు చిక్కు పడతాయి, అందుకే మొదటి పద్ధతే నాకు నయం.

కొత్త ఊలు ముందు తటపటాయింపు

వంకాయ రంగు చిలప ఒకటి నా దగ్గర రెండేళ్లుగా ఉంది. చేత్తో అద్దిన రంగు, 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్, 100 గ్రాములకు 400 మీటర్లు. శాలువానా, చేతి తొడుగులా, సాక్సా, టోపీయా? వారానికో ఆలోచన మారేది.

మీటర్లే ముందు సగం తేల్చేస్తాయి. పెద్దవాళ్ల సాక్సుల జతకు సన్న ఊలు 350 నుంచి 400 మీటర్లు. మధ్యరకం మందం ఊలుతో టోపీకి 150 నుంచి 200. పెద్దవాళ్ల స్వెట్టర్‌కి అదే మందంలో వెయ్యి మీటర్ల పైమాటే. ఒకే చిలపతో స్వెట్టర్ కలలు కనడం మానేయొచ్చు. స్వెట్టర్‌కి కొనేటప్పుడు అన్ని ఉండల మీదా ఒకే డై లాట్ నంబర్ (ఒకే విడతలో రంగు వేసినట్టు గుర్తు) ఉందో లేదో చూడండి. చేత్తో అద్దినవైతే ఒకే లాట్‌లోనూ తేడా ఉంటుంది కాబట్టి, రెండు ఉండలు పట్టుకుని రెండేసి వరసలు మార్చి మార్చి అల్లాలి.

తర్వాత ఊలు స్వభావం. కాటన్‌కి సాగి మళ్లీ దగ్గరికి వచ్చే గుణం తక్కువ. గట్టిగా పట్టుకోవాల్సిన టోపీ అంచుకి, సాక్స్‌కి అది నప్పదు. నైలాన్ కలిసిన ఊలు మడమ దగ్గర త్వరగా అరగదు. ఇక రంగులు గిర్రున మారే చిలపతో జడలు, లేస్ అల్లితే డిజైన్ కనబడదు, రంగే కనబడుతుంది. వాటికి సాదా అల్లిక చాలు. రెండు రంగుల డిజైన్‌కి ఊలు ఎంచుకునేటప్పుడు రెండు ఉండల్నీ పక్కపక్కన పెట్టి బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. ఫోటోలో రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే, అల్లాక డిజైన్ కలిసిపోతుంది. నేను ఎరుపు, ఆకుపచ్చ చాలా తేడా అనుకుని ఒకసారి మోసపోయాను.

ఇన్ని చూశాక కూడా తేలకపోతే, అల్లి చూడటమే. చిలపను 2.5 మి.మీ. సూదితో కొంచెం, 3.5తో కొంచెం అల్లాను. 3.5తో జాలీలా పలచగా వచ్చి రంగులు మచ్చలు కట్టాయి. 2.5తో గట్టిగా, సన్న చారలుగా కుదిరింది. సాక్సే. రెండేళ్లు ఊహల్లో తిప్పినదాన్ని ఇరవై వరసలు తేల్చాయి. దాని మీద "నీలం సాక్స్ అయ్యాక" అని చీటీ పెట్టి లోపల పెట్టేశాను.

ఇప్పుడు నా దగ్గర ఒకేసారి మూడే నడుస్తాయి. ఒకటి చూడకుండా అల్లేది, మాట్లాడుతూ కూర్చున్నప్పటికి. ఒకటి తల పెట్టాల్సింది. ఒకటి సంచీలో వేసుకుని బయటికి తీసుకెళ్లేంత చిన్నది. రాత్రి అలసిపోయి లేస్ పట్టుకుని, తప్పులు చేసి, అల్లికంటేనే విసుగొచ్చిందనుకునేదాన్ని. విసుగు లేస్ మీద కాదు, టైమింగ్ మీద.

మిగతావి నిద్రపుచ్చాలి. సూదుల మీద వదలకండి. కుట్లన్నీ కాటన్ దారం మీదికి దింపి, రెండు కొనలూ ముడివేస్తే సూదులు ఖాళీ అవుతాయి, వరస సాగదు. ముక్క, మిగిలిన ఊలు, డిజైన్ కాగితం, చీటీ ఒకే జిప్ సంచీలో పెట్టి గాలి తీసి మూయండి. ఊలును తినే చిమ్మట పురుగులు కనిపిస్తే సంచీతో సహా రెండు వారాలు -18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచీ తెరవకండి.

చీటీ సంగతి మాత్రం వాయిదా వేయకండి. రేపు పొద్దున్నే మళ్లీ తీస్తాను, ఎందుకు రాయడం అనిపిస్తుంది. నా తొమ్మిది సంచుల్లో ప్రతిదాన్నీ రేపు పొద్దున్న తీద్దామనే పెట్టాను. సూది సైజు, ఎక్కడ ఆగారు, తర్వాత ఏం చేయాలి, ఈ మూడూ ఉంటే చాలు. నిన్న రాత్రి నేను రాసింది ఇది:

"నీలం సాక్సు, రెండోది. 64 కుట్లు, 2.5 మి.మీ. మడమ అయింది. పాదం 14 సెం.మీ. వచ్చింది. ఇంకా 5 సెం.మీ. సాదాగా అల్లి, కొన తగ్గించడం మొదలుపెట్టు. కొన మూయకముందే వంకాయ రంగుకి కుట్లు వెయ్యకు."